నీరును మఱుగును

వాక్యమునకు అర్థము కలుగవలెనన్న మూడు లక్షణములు కావలెనని మన శాస్త్రకారులు చెప్పుదురు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక పదము మఱియొక పదమును కోరవలెను. ఆ రెంటికిని పొత్తు కుదురవలెను. విలంబము లేక అవి యొకదాని దాపున నొకటి యుండవలెను. "గోవును" అని ఉదయమున పలికి, "తెమ్ము" అని సాయంకాలమున పలికినచో వినువానికి పనియు తెలియదు, గోవును రాదు. ఈ పాఠమును బడిపిల్లలకు ఇరువది యేండ్లుగా చెప్పుచున్నాము. చట్టవాక్యమునకు గూడ ఈ మూడును కావలెనని మాకు తట్టుటకు మాత్రము మా పూర్వశిష్యురాలొకతె కారణమైనది.

గడచిన వేసవిలో ఊరి జాతరకు వచ్చినప్పుడు ఆమె మా యింటికిని వచ్చినది. పదవ తరగతి వఱకు మా యొద్ద చదువుకొన్న పిల్ల. ఇప్పుడొక కుట్టుశాలలో చొక్కాలకు కాలర్లు కుట్టుచున్నది. మిట్టమధ్యాహ్నము నడచి వచ్చినది గదా యని మా గృహిణి చెంబుతో నీళ్లు తెచ్చి యిచ్చినది. ఆమె రెండు గుక్కలు మాత్రము పుచ్చుకొని చెంబు క్రింద పెట్టినది. ఇంకను త్రాగుమని చెప్పగా, "చాలండీ అమ్మగారూ, పగటిపూట తాగే అలవాటు పోయింది. తాగితే లేవాలి గదా, లేస్తే లైను ఆగుతుంది" అని నవ్వుచు చెప్పినది. అది సెలవుదినము, అచ్చట లైను లేదు, లేవవలదను వారును లేరు. అయినను ఆమె దాహమునకు కర్మాగారపు గంట వినబడుచునే యుండెను. ఆ నవ్వు మమ్ము చాల దినములు వేధించినది. తరువాతనే చట్టము తెచ్చుకొని, కావ్యము చదివినట్లు పదము పదము విడదీసి చదివితిమి.

1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టము, పిమ్మటి సవరణలతో కలిపి చదివినచో, వచనరచనగా గూడ మెచ్చదగినది. దాని 18వ విభాగము త్రాగునీటిని గూర్చినది. నీరుండు చోట "త్రాగునీరు" అని పనివారిలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషలో స్పష్టముగా వ్రాయవలెను; కడుగు తావునకు గాని, మూత్రశాలకు గాని, మఱుగుదొడ్డికి గాని 6 మీటర్ల లోపున ఆ చోటు ఉండరాదు, ఉండవలసివచ్చినచో ప్రధాన తనిఖీదారు వ్రాతపూర్వకముగా అంగీకరింపవలెను; 250 మందికి మించి పనిచేయు చోట వేసవిలో చల్లని నీరీయవలెను. 19వ విభాగము మఱుగుదొడ్లను గూర్చినది. అవి చాలినన్ని యుండవలెను. అనువైన తావున నుండవలెను. పనివారు కర్మాగారమున నున్నంతసేపును ఎల్లవేళల వారికి అందుబాటులో నుండవలెను. స్త్రీపురుషులకు వేఱువేఱుగా, మఱుగు గలవిగా నుండవలెను. వెలుతురును గాలియు శుభ్రతయు కావలెను. పెద్ద కర్మాగారములలో వాని లోగోడలు 90 సెంటీమీటర్ల యెత్తు వఱకు నీరంటని నున్నని పలకలతోనో పూతతోనో ఉండవలెనని గూడ ఆ చట్టము మఱవలేదు.

ఈ వాక్యమున ఆకాంక్ష కలదు, అది దప్పిగొన్న దేహము యొక్క కోరిక. యోగ్యతయు కలదు, అడిగినది మనుష్యుడు అడుగదగినదే. లోపించినది సన్నిధి. "ఎల్లవేళల" అను పదము చట్టగ్రంథమున నున్నది. "లేచి పొమ్ము" అను పదము సూపర్‌వైజరు నోటనున్నది. ఆ రెంటి నడుమ దినమంతయు గడచిపోవుచున్నది.

ఇందుకొక చిన్న లెక్క చూపుదుము. పెక్కు రాష్ట్రముల నియమములు 25 మంది స్త్రీలకొక మఱుగుదొడ్డి చాలునని నిర్ణయించినవి. వరుసగా 5 గంటలు పనిచేసిన పిమ్మట కనీసము అరగంట విరామమీయవలెనని చట్టము చెప్పినది. ఆ అరగంటలో 1800 సెకండ్లు గలవు. 25తో భాగించినచో ఒక్కొక్కరికి 72 సెకండ్లు వచ్చును. ఈ 72 సెకండ్లలోనే తలుపు వేసికొనుట, బట్టలు సవరించుకొనుట, నీరు పోయుట, చేతులు కడుగుకొనుట జరుగవలెను. ఆ అరగంటలోనే అన్నమును తినవలెను. చట్టము ఈ లెక్కను ఉద్దేశింపలేదు. "ఎల్లవేళల" అని యుండుట చేత ఒకరు పదింటికి, ఒకరు పదకొండింటికి పోవుదురనియు, వరుస పెరుగదనియు దాని తాత్పర్యము. ఆ యొక్క పదమును ఆచరణలో తుడిచివేసినచో 25కి ఒకటి యను సంఖ్య న్యాయము వలె కనబడు అన్యాయమగును. పైగా ఆ నియమములే పురుషులకు మఱుగుదొడ్లకు తోడుగా వేఱుగ మూత్రశాలలును నిర్ణయించినవి; స్త్రీలకు మఱుగుదొడ్డియే సర్వమును. స్త్రీకి పట్టు కాలమే ఎక్కువ, ఋతుదినములలో మఱింత ఎక్కువ. కావున సంఖ్య సమానమైనంత మాత్రమున స్థితి సమానము కాదు.

ఆ పదము ఎట్లు తుడుపుపడుచున్నదో తెలియవలెనన్న కుట్టుశాల పని తెలియవలెను. అచ్చట ఒక చొక్కాను ఒకరు కుట్టరు. ఒకతె కాలరు, ఒకతె చేయి, ఒకతె జేబు, ఒకతె బొత్తాపు కాజా కుట్టి ప్రక్కకు అందించుచుందురు. గంటకిన్ని యని టార్గెటు కలదు. నడుమ నొకతె లేచినచో ఆమె మిషను ముందు బట్ట పేరుకొనును. ఆమె తరువాత కూర్చున్నవారి చేతులు ఖాళీ యగును. తప్పిన లెక్క లైనంతటిపై పడును. అందుచేత లేచిన దాని వీపుపై తోడి స్త్రీల చూపులే మొదట పడును. వేఱుగ కావలివాడు అక్కఱలేదు. అయినను కొన్ని చోట్ల కావలియు కలదు: టోకెను తీసికొని పోవలెను, పోయిన వేళ పుస్తకములో వ్రాయవలెను, ఆలస్యమైనచో పదిమందిలో మాట పడవలెను. మిషనుల ముందు కూర్చున్నవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. వారి వెనుక నిలుచుండి లెక్క చూచువారిలో అధికసంఖ్యాకులు పురుషులు. బెంగుళూరు నందును, మన అచ్యుతాపురము నందును, ఢాకా పరిసరములందును ఈ యమరిక ఒక్కటే.

అడుగుటకు సిగ్గుపడి, అడిగి మాటపడుటకు జంకి, వారు కనుగొన్న ఉపాయమేమనగా నీరు త్రాగకుండుట. చరకసంహిత సూత్రస్థానమున వేగములను ఆపరాదని చెప్పుటకే ఒక అధ్యాయము కలదు, అది ఏడవది. ఆపరాని వేగములు పదమూడని చెప్పి, అందు మొదట మూత్రవేగమును పేర్కొన్నాడు. దప్పియు ఆ పదమూడింటిలో నొకటి. నేటి కుట్టుశాల మొదటిదానిని ఆపుటకై రెండవదానిని గూడ ఆపించుచున్నది. నేటి వైద్యులును ఇదే చెప్పుచున్నారు: స్త్రీ దేహమున మూత్రనాళము పొట్టిది, కావున క్రిములు సులభముగ పైకెక్కును, నీరు చాలక, మూత్రము నిలువయుండినచో అవి వృద్ధియగును, మఱల మఱల వచ్చు ఆ మంట, జ్వరము నిర్లక్ష్యము చేసినచో మూత్రపిండముల వఱకు పోవును. ఇస్త్రీపెట్టెల ఆవిరి నడుమ వేసవిలో పనిచేయువారికి నీరు మానుట మఱింత చేటు. రోగము వచ్చి సెలవు పెట్టినచో ఆ దినపు కూలియు పోవును. ఇట్లు యజమాని మిగిల్చుకొన్న అయిదు నిమిషములకు మూల్యము ఆమె దేహము నుండియు, ఆమె కూలి నుండియు రెండుమాఱులు వసూలగుచున్నది.

ఇక సాహిత్యపరుల వంతు. మేము ఆ గోష్ఠిలోని వారమే గావున మా తప్పును దాచము. 1843లో థామస్ హుడ్ అను ఆంగ్లకవి "చొక్కా పాట"ను లండనులోని "పంచ్" పత్రికలో ప్రకటించెను. సూది పట్టిన పేదరాలి ఆకలిని, అలసటను, కన్నీటిని అందు చెప్పి లోకమును కదిలించెను. ఆ పాటను మేము పిల్లలకు చెప్పియున్నాము. అన్నియు చెప్పిన ఆ కవి సయితము ఆమె దప్పిని గాని, ఆమె మఱుగునకు పోవు చోటును గాని తలపలేదు. మన కవులు నీళ్లకు పోవు స్త్రీని వేయి విధముల వర్ణించిరి; కుండను, నడుమును, తడిసిన చెఱగును వర్ణించిరి; ఇంటికి వచ్చి ఆమె గుక్కెడు త్రాగినదా యని అడిగినవారు అరుదు.

దీనికి హేతువు లేకపోలేదు. ఆలంకారికులు అశ్లీలదోషము మూడు విధములనిరి: సిగ్గు పుట్టించునది, ఏవ పుట్టించునది, అమంగళము తోపించునది. దండి ఇంకొక అడుగు ముందుకు పోయి, క్రక్కుట, ఉమియుట వంటి మాటలు లక్షణార్థమున వాడినచో అందములే కాని, నిజార్థమున వాడినచో గ్రామ్యములని చెప్పెను. మేఘుడు నీరు క్రక్కవచ్చును, మనుష్యుడు క్రక్కరాదు. కావ్యమునకు ఇది మంచి నియమమే కావచ్చును. కాని మాటలకు చెప్పిన ఈ నియమమును మనము దేహములకు తగిలించితిమి. సూపర్‌వైజరును అనుమతి అడుగుట సిగ్గు, శుభ్రము లేని ఆ గది ఏవ, ఋతురక్తము అమంగళము. మూడు దోషములును ఒక్క చోట కూడుటచే ఆ విషయము సభలో ఎత్తరానిదైనది. ఎత్తరాని విషయమునకు ప్రశ్న లేదు; ప్రశ్న లేని చోట యజమానికి జవాబు చెప్పు పనియు లేదు. పండితుని మర్యాదయు కర్మాగారపు టార్గెటును ఒకరినొకరు ఎఱుగకయే చేతులు కలిపినవి.

ఈ మౌనమున కెల్ల మిక్కిలి దుస్సహమైన ఫలము ఋతుదినములలో కనబడును. బంగ్లాదేశపు కుట్టుశాలలలో స్త్రీలు నేలపై రాలిన పీలికలనే ఏరి వాడుకొనుట పరిశీలకులు పలుమాఱులు కన్నారు. దుమ్ము, రంగు, విఱిగిన సూదిమొనలు పడు నేల యది. దూరదేశములకు పోవు మేలైన వస్త్రము ఆమె చేతిమీదుగా పోవుచుండ, ఆమెకు మిగిలినది ఆ వస్త్రపు చెత్త. 2013 ఏప్రిలు 24న అదే దేశమున సావారు వద్ద రాణా ప్లాజా కూలి 1100 మందికి పైగా మరణించిరి. లోకము ఉలికిపడినది. ఆ యేడే వస్త్రవ్యాపారులును కార్మికసంఘములును ఒడంబడిక చేసికొని కట్టడములను, విద్యుత్తీగలను, అగ్నిమార్గములను పరీక్షింపించిరి. అది గొప్ప మేలు. కాని స్తంభము కూలిన చప్పుడు ఖండాంతరములకు వినబడినది. మూత్రపిండము చెడిన చప్పుడు ప్రక్క మిషనుకును వినబడదు. చప్పుడు లేని అపాయమునకు ఒడంబడికలు ఆలస్యముగా వచ్చును.

మన దేశమున చట్టమే మాఱినది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తిభద్రతా, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21న అమలునకు వచ్చి, 1948 చట్టపు స్థానమును గ్రహించినది. దాని 23వ విభాగమును పాతవాక్యము ప్రక్కన పెట్టి చదివితిమి. మెచ్చవలసిన మాట ఒకటి ముందుగా చెప్పుదుము: స్త్రీపురుషులతో పాటు ట్రాన్స్‌జెండరు ఉద్యోగులకును వేఱుగ మఱుగుదొడ్లు ఉండవలెనన్న తలపు పాతచట్టమున లేదు, ఇందు కలదు. కాని వాక్యస్వరూపము చూడుడు. పాతచట్టము "ఉండవలెను" అని తానే విధించినది. క్రొత్త స్మృతి, ప్రభుత్వము నిర్ణయించు పరిస్థితులను యజమాని నిలుపవలెనని చెప్పి, ప్రభుత్వము ఏయే విషయములలో నిర్ణయింపవచ్చునో పట్టిక యిచ్చినది. త్రాగునీరు, మఱుగుదొడ్లు ఆ పట్టికలోనివి. విధి మూలము నుండి నియమములకు దిగినది. "ఎల్లవేళల అందుబాటు" అను పదములు మూలమున లేవు. నియమములలో వానిని నిలుపవచ్చును, నిలుపవలెను. కాని నియమము మార్చుట చట్టము మార్చుట కంటె సులువు. మూలమున నున్న పదమును తుడుచుటకు పార్లమెంటు కావలెను, నియమమున నున్న పదమును తుడుచుటకు ఒక ప్రకటన చాలును. మీమాంసకులు విధివాక్యమునకును అర్థవాదమునకును భేదము చెప్పుదురు. స్తుతి యెంత యున్నను విధి లేనిదే కర్మ జరుగదు. 2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ నీరును పారిశుద్ధ్యమును మానవహక్కులని అంగీకరించినది. అట్టి ఘనమైన మాటలు విధి దృఢముగా నున్న చోటనే పనికివచ్చును; విధి సడలిన చోట గోడమీది అలంకారములగును.

యజమానుల పక్షమున చెప్పదగినది లేకపోలేదు. దూరదేశపు కొనుగోలుదారు ధర తగ్గించును, గడువు కుదించును. సరుకు ఓడ తప్పినచో విమానమున పంపు వ్యయము యజమానిదే. అయిదు నిమిషముల ఆలస్యము అతనికి లెక్కయే. కాని ఆ భారమును పైకి త్రోయలేక క్రిందికి త్రోసినచో, అది చిట్టచివర ఆగునది మాటాడలేని దేహమునందు. కొనుగోలుదారు పంపు తనిఖీవారు మఱుగుదొడ్లను లెక్కించి పోవుదురు. ఎవరెన్ని మాఱులు లేవగలిగిరో లెక్కింపరు. తనిఖీ దినమున సబ్బును తువాలును ప్రత్యక్షమై మఱునాడు అదృశ్యమగుటయు వింత కాదు. లైనులో ఒకరు లేచినప్పుడు ఆ స్థానమున కూర్చుండుటకు పని తెలిసిన మాఱుమనిషిని ఉంచు పద్ధతి ఈ పరిశ్రమకు క్రొత్తది కాదు. ఎవరైన రాని దినమున అట్టివారినే వాడుకొందురు. రాని మనిషికి దొరకు మాఱు, వచ్చిన మనిషికి అయిదు నిమిషములు ఏల దొరకరాదు? ఇక ఆ గదులను కడుగు స్త్రీని గూర్చి ఎవరును మాటాడరు. ఆమె పెక్కుచోట్ల కాంట్రాక్టరు మనిషి, పెక్కుచోట్ల మనము ఊరిచివర నుంచిన కులము మనిషి. కుట్టు స్త్రీకి శుభ్రత కావలెనని కోరువారు ఆమెకు చేదొడుగులును, నీరును, కూలియు కోరనిచో ఆ సంస్కారము సగమే.

ఎవరును అడుగరు, ఏమియు మాఱదు అనుటయు తప్పు. కేరళమున కోళిక్కోడు మిఠాయివీథిలో బట్టల దుకాణములలో పనిచేయు స్త్రీలకు మఱుగుదొడ్డి లేక, మా శిష్యురాలి వలెనే నీరు మానుచుండిరి. కుట్టుపని చేసికొను పి. విజి అను స్త్రీ వారిని కూర్చుకొని "పెణ్‌కూట్టు" అను సంఘము పెట్టి మొదట మఱుగుదొడ్డికై పోరాడినది. పిమ్మట దినమంతయు నిలువబెట్టుటను ఎదిరించి కూర్చుండు హక్కు అడిగిరి. 2018లో కేరళము తన దుకాణముల చట్టమును సవరించి ఆ హక్కునిచ్చినది. 2021లో తమిళనాడు అనుసరించినది. 2016 ఏప్రిలులో భవిష్యనిధి నియమమును మార్చినప్పుడు బెంగుళూరు కుట్టుశాలల స్త్రీలు వేలకొలది వీథులకెక్కి రహదారులను నిలిపివైచిరి. కేంద్రప్రభుత్వము ఆ నియమమును వెనుకకు తీసికొన్నది. మఱుగునకు లేచుటకు జంకిన స్త్రీలే వారును. జంకు వారి స్వభావము కాదు, లైను నేర్పినది.

లైను ఒక్కటియే నేర్పినదా? ఇచ్చట మా కథయు చెప్పక తప్పదు. మేము పనిచేసిన ఒక బడిలో ఆడపిల్లల మఱుగుదొడ్డికి తాళముండెడిది; తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని గదిలో, పురుషులమైన మేము కూర్చుండు బల్ల ప్రక్కన, మేకునకు వ్రేలాడెడిది. పిల్లలు పాడుచేయుదురని ఆ యేర్పాటు. ఏండ్ల తరబడి ఆ చెవిని అడుగుటకు వచ్చిన ఆడపిల్లలను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. మా బడి ఆడపిల్లలు ఎంత క్రమశిక్షణ గలవారు, పాఠము నడుమ లేవరు గదా యని మేము సంతోషించితిమి. వారి అభ్యుదయపత్రములలో అట్లే వ్రాసితిమి. మా శిష్యురాలు ఆ తరగతిలోనిదే. కుట్టుశాల ఆమెను చేర్చుకొన్న నాటికే దప్పి ఆపుకొను విద్యలో ఆమె ఉత్తీర్ణురాలు. ఆ విద్య గరపినవారము మేము.

కావున మా కోరికలు కొలదిగనే యున్నవి. క్రొత్త నియమములలో "ఎల్లవేళల అందుబాటు" అను పదములు చెక్కుచెదరక యుండవలెను. సంఖ్యతో పాటు కాలమును లెక్కింపవలెను. అనుమతి అడుగు పద్ధతి పోవలెను. పోనిచో అడుగబడునది స్త్రీ కావలెను. ప్రతి లైనునకు మాఱుమనిషి యుండవలెను. ఋతుదినములకు కావలసిన శుభ్రవస్త్రమో ప్యాడో, దానిని పాఱవేయు మూతబుట్టయు ఆ గదిలోనే యుండవలెను. తనిఖీకి వచ్చువారు గోడలను గాక, మిషను ముందు కూర్చున్న స్త్రీని, సూపర్‌వైజరు వినని చోట, నేడెన్ని గ్లాసుల నీరు త్రాగితివని అడుగవలెను. ఆ యొక్క ప్రశ్నకు వచ్చు జవాబు పుస్తకములలోని సంతకములన్నిటి కంటె నిజమైన లెక్క.

ఈ పత్రికను చదువువారిలో ఉపాధ్యాయులు పెక్కుమంది గలరు. కుట్టుశాల ద్వారము వఱకు మన చేయి పోదనవచ్చును. బడిలోని మేకు వఱకు పోవును. రేపు ఉదయము బడికి పోయినప్పుడు ఆ తాళపుచెవి ఎచ్చట నున్నదో చూడుడు.